చెట్టుకు జామీను

సారలమ్మకు కోపం వస్తే కార్ఖానా సైరన్ కూడా వినబడదని నాచారంలో వాళ్ళ గల్లీవాళ్ళు అంటారు. ఆమె ఎదురుగా లేనప్పుడు మాత్రమే అంటారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బక్కపలచన, చేతులకు మట్టిగాజులు, నోటికి మాత్రం తాళం లేదు. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి కరెంటు మీటరు చూడటానికి వచ్చేవాడి దాకా అందరికీ ఆమె అంటే హడల్. అంత కోపం ఒక్కరోజులో ఎవరికీ రాదు. ఏళ్ళ తరబడి పేరుకోవాలి. ఆ కోపం సంగతి తెలియాలంటే ముందు వాళ్ళింటి గొడ్డలి సంగతి తెలియాలి.

మల్లాపూర్ పోయే దారిలో, రేకుల గోదాములకూ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లకూ నడుమ ఎకరంన్నర మామిడితోట ఇంకా మిగిలి ఉందంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. సారలమ్మ మామ బతికున్న రోజుల్లో అది అంగూర్ తోట. ఉప్పల్ నుంచి నాచారం దాకా అప్పట్లో ఎటు చూసినా రాతి కడీల మీద అంగూర్ పందిళ్ళే. నీళ్ళు అడుగంటాయి, పందిళ్ళు ఎండిపోయాయి, కడీలు తోట చుట్టూ కంచెకు పనికొచ్చాయి. పందిళ్ళు పోయిన జాగాలో మామ బేనిషాన్ మామిడి అంట్లు నాటాడు. సారలమ్మ భర్త చంద్రయ్య దగ్గర్లోని ఒక కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. తోట పనంతా మొదటినుంచీ ఆమెదే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. దసరాకు కార్ఖానాల్లో మిషన్లకు బొట్లు పెట్టినట్టే ఈ ఇంట్లో గొడ్డలికి పసుపు కుంకుమ పెడతారు. మర్నాడు పొద్దున ఇంటి మగవాడు ఆ గొడ్డలిని భుజాన వేసుకుని పోయి, కిందటేడు కాయని చెట్టు ముందు నిలబడి "కాస్తవా, నరకాల్నా?" అని మూడుసార్లు అడుగుతాడు. చెట్టు ఏం చెబుతుంది? మూడోసారి అతను గొడ్డలి ఎత్తగానే ఇంటి ఆడమనిషి అడ్డం వచ్చి "ఆగు, ఈ ఏడు కాస్తది, నాది జామీను" అనాలి. అంతటితో మగవాడి పని అయిపోయింది. మీసం సవరించుకుని ఇంటికి పోయి చాయ్ తాగుతాడు. ఆడమనిషి పని అప్పుడే మొదలవుతుంది. జామీను ఉన్నందుకు ఎండాకాలమంతా ఆ చెట్టుకు బిందెలతో నీళ్ళు మోయాలి. ఆ చెట్టు పండు ఇంటికి చేరేదాకా ఏ మామిడిపండూ నోట పెట్టకూడదు. బెదిరించేది ఒక్క పూట, జామీను ఏడాది పొడుగునా. ఈ కిటుకు కనిపెట్టిన మగమహారాజు ఎవడో గానీ వాడికి వెయ్యి దండాలు పెట్టాలి.

సారలమ్మ కాపురానికి వచ్చిన ఏడే అత్త ఆమెను చెట్ల ముందుకు తీసుకుపోయి, ఇన్నాళ్ళు నేను పడ్డాను, ఇక నువ్వు పడు అని జామీను ఆమెకు అప్పగించింది. కొత్త కోడలికి అదంతా సరదాగా అనిపించింది. పైగా ఏ ఏటికాయేడు గెలుపే. మామిడి నైజమే అంత, ఒక ఏడు విరగకాస్తే మరో ఏడు ఊరుకుంటుంది. ఊరుకున్న చెట్టు మరుసటేడు ఎవరు బెదిరించినా బెదిరించకపోయినా కాస్తుంది. ఈ సంగతి తెలియక కాదు, ఒప్పుకుంటే గొడ్డలికి మర్యాద ఉండదు. కాపు వచ్చినప్పుడల్లా చంద్రయ్య కార్ఖానాలో తోటివాళ్ళకు పండ్లు పంచుతూ, చూశారా, గొడ్డలి అంటే ఎంత భయమో అనేవాడు. నీళ్ళు మోసిన మనిషి మాట ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు.

కాపు రాకపోవడం మొదలయ్యాక మాత్రం అందరికీ గుర్తుకొచ్చింది. ఈ మధ్య వరసగా మూడేళ్ళు తోట దెబ్బతింది. ఒక ఏడు మాఘంలోనే ఎండలు ముదిరి పూత మాడిపోయింది. ఇంకో ఏడు నిండు పూత మీద వాన పడి, ఆపైన తేనెమంచు పురుగు పట్టి గుత్తులన్నీ నల్లబడ్డాయి. మూడో ఏడు పిందెలు బఠాణీ గింజంత అయి రాలిపోయాయి. ప్రతిసారీ చంద్రయ్య ఇంటికొచ్చి ఒకటే మాట, నీ జామీను అచ్చిరావడం లేదే అని. చుట్టాలూ అదే మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆకాశం చేసిన పనికి సారలమ్మను తప్పుపట్టడం అందరికీ సులువైపోయింది. గెలిస్తే గొడ్డలిది, ఓడితే ఆమెది. మూడు ఎండాకాలాలు ఆమె మామిడిపండు రుచి చూడలేదు. చంద్రయ్య ఉప్పల్ చౌరస్తాలో బండి మీద పండ్లు కొనుక్కొచ్చి, ఆమె ఎదుటే కూచుని, టెంక దాకా చీకి పడేసేవాడు. తినమని మాటవరసకైనా అనలేదు. ఆనవాయితీ తప్పొద్దుగా మరి!

పోయిన దసరా మర్నాడు చంద్రయ్య గొడ్డలి తీసుకుని పూడిపోయిన పాత బావి పక్కనున్న పెద్దచెట్టు ముందు నిలబడ్డాడు. వెంట కొడుకు దుర్గేష్ కూడా వచ్చాడు. దుర్గేష్ ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. తోటను బాక్స్ క్రికెట్‌కు అడుగుతున్నారని అతను అప్పటికే తండ్రి చెవిన వేశాడు. చెట్లు తీసేసి, నేల మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టా పరిచి, చుట్టూ వల కట్టి, లైట్లు పెడితే కుర్రాళ్ళు అర్ధరాత్రి దాకా వచ్చి ఆడతారట. స్టేడియం ఉన్న ఊరు, ఆటకు కొదవ లేదు. దుర్గేష్ దుర్మార్గుడేం కాదు. మూడేళ్ళుగా తల్లి భుజం నొప్పికి మందు రాస్తున్నది అతనే. మోసీ మోసీ చచ్చేదెందుకు అన్నది అతని వాదం.

ఆరోజు చంద్రయ్య చెట్టును అడగలేదు. గొడ్డలి భుజాన పెట్టుకునే పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఈ ఏడు గూడ కాయకుంటే ఏం జేస్తవ్?"

సారలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అడగాల్సింది చెట్టునైతే తనను అడగడమేమిటి? ఆ కోపంలోనే, ఇంతవరకు ఆ ఇంట్లో ఏ ఆడమనిషీ అనని మాట అన్నది.

"కాయకుంటే నేనే నరుకుమంట. ఈ ఒక్క చెట్టు గాదు, తోటంత. గప్పటిదాక ఎవ్వలు ముట్టినా ఊకోను. తోటంతటికి నాది జామీను."

తండ్రీకొడుకులు ముఖాలు చూసుకున్నారు. క్రికెట్ వాళ్ళను ఎండాకాలం దాకా ఆగమందామని దుర్గేష్ అన్నాడు. కాయ దిగితే తోట ఉంటుంది, దిగకపోతే వల కడతారు. చంద్రయ్య సరేనన్నాడు.

ఆ ఏడు వానాకాలానికి తిరిగి పోవడానికి ఇల్లూ వాకిలీ లేకుండా పోయింది. దసరా పోయినా వానే, దీపావళికి టపాకాయలు తడిసినా వానే. పోనీ ఆ తర్వాతైనా చలి పెట్టిందా అంటే, చెద్దర్లు పెట్టెలోంచి బయటికి రాలేదు. ఫ్యాన్ వేసుకుని పడుకున్న చలికాలం అది. పుష్యమాసంలో చెట్ల నిండా పూత ఉండాల్సింది, ఎర్రటి లేత చిగురు వేసింది. దారిన పోయేవాళ్ళు ఎంత అందంగా ఉందో అని ఫొటోలు తీసుకున్నారు. సారలమ్మ ఆ చిగురు చూసి పళ్ళు కొరికింది. చిగురేసిన కొమ్మ ఇక పూత వేయదు.

ఏటా తోట దగ్గర బుట్టలతో పండ్లు కొనుక్కుపోయే జనార్ధనరావు ఒక పొద్దున అటు నడకకు వచ్చాడు. హబ్సిగూడ వైపు ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా వాడు, నెమ్మదస్తుడు. కంచె దగ్గర ఆగి చెట్ల వంక చూసి, పూత రాలేదేమని అడిగాడు. ఆమె విసురుగా, నా జామీను బాగలేదట సార్ అంటూ గొడ్డలి కథంతా చెప్పింది. ఆయన నవ్వలేదు.

"చెట్టు తప్పు కాదమ్మా. మీ తప్పు అంతకంటే కాదు. రాత్రుళ్ళు బాగా చల్లబడితేనే మామిడి పూతకొస్తుంది. ఇప్పుడు చలికాలం రాత్రులు కూడా వెచ్చగానే ఉంటున్నాయి. వానలేమో ఆగకుండా పడ్డాయి. ఇంకా వానాకాలమే అనుకుని చిగురేసింది పాపం."

"మరి ఎవల్ది సార్ తప్పు?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. పొగ కక్కుతూ లారీలు, గోదాము రేకుల మీద తళతళలాడే ఎండ, అపార్ట్‌మెంటు గోడ నిండా ఏసీ డబ్బాలు. అందరిదీనమ్మా, నాది కూడా అన్నాడు.

"అందరిదంటే ఎవల్దీ గాదన్నట్టే గద సార్" అన్నది సారలమ్మ.

ఆయన ఆ మాట మర్యాదగా ఒప్పుకుని వెళ్ళిపోయాడు. మంచి మాటే చెప్పాడు, నిజమే చెప్పాడు. నీ తప్పు లేదన్న మాట మూడేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాటే. అయినా ఆమె కోపం చల్లారలేదు సరికదా రెట్టింపయింది. కోపం వచ్చిన మనిషికి తిట్టడానికి ఎదురుగా ఒకరుండాలి. ఇన్నాళ్ళూ మొగుడున్నాడు. ఇప్పుడు ఊరు ఊరంతా ఉందని తేలింది. ఊరందరినీ ఎక్కడని పట్టుకుంటుంది? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ సాయంత్రం ఆమె అంట్లగిన్నెల మీద చూపించింది. ఒక సత్తు చెంబు సొట్ట పోయింది.

మాఘం మొదట్లో ఎట్లాగో నాలుగు రాత్రులు చలి పెట్టింది. చిగురేయకుండా మిగిలిన కొమ్మలకు అప్పుడు పూత పట్టింది. సగం తోట పూసింది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు గదా, ఈసారి పోవడానికి చలే లేదు, శివరాత్రికి ఎండ వచ్చి కూచుంది. అయినా పూత పిందె కట్టింది. సారలమ్మ వేపనూనె కలిపి కొట్టింది. తోటలోని బోరు ఎండిపోయే దశకొచ్చింది, కాసేపు పోసి గాలి కక్కేది. ఆ కాసేపట్లో పట్టుకున్న నీళ్ళే బిందెల్లో ఎత్తుకుని చెట్టు చెట్టుకూ తిరిగింది. దుర్గేష్ చూడలేక ఒకసారి ట్యాంకరు తెప్పించాడు. చంద్రయ్య అరుగు మీద కూచుని, మోకాళ్ళ నొప్పి గదా అన్నాడు. నిజమే, నొప్పి ఉంది. గొడ్డలి ఎత్తినప్పుడు మాత్రం అది ఉండదు.

ఉగాది దాటేసరికి కాయ పిడికిలంత అయింది. బావి పక్కనున్న పెద్దచెట్టు కొమ్మలు వంగాయి. మిగతా వాటిలోనూ డజను చెట్ల దాకా బాగానే నిలబడ్డాయి. కాయ దిగగానే క్రికెట్ వాళ్ళకు ఇక కుదరదని చెప్పేస్తానని దుర్గేష్ తల్లితో అన్నాడు. సారలమ్మ ఆ రాత్రి చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వింది. అవతల చంద్రయ్య అరుగు మీద ఎవరితోనో ఫోన్లో, మొన్న దసరాకు గొడ్డలి మంచిగ పనిజేసింది అని చెబుతున్నాడు. ఆమె విన్నది. కాయ దిగనీ, అప్పుడు చెబుతా వీడి పని అనుకుంది.

కాయ ఇంకో రెండు వారాల్లో దించొచ్చు అనగా, ఒక మధ్యాహ్నం మౌలాలి గుట్ట వెనక నుంచి ఆకాశం నల్లగా లేచింది. ముందు గాలిదుమారం. గోదాము కప్పు రేకు ఒకటి ఎగిరొచ్చి కంచె మీద పడింది. వెనకే రాళ్ళవాన. నిమ్మకాయలంత వడగళ్ళు. సారలమ్మ నెత్తిన తట్ట బోర్లించుకుని తోటలోకి పరుగెత్తింది. పోయి ఏం చేస్తుంది? చెట్టుకు తట్ట పెట్టగలదా? బావి దగ్గర నిలబడి ఒక్కో కాయ రాలడం చూసింది. భుజాల మీద, వీపు మీద వడగళ్ళు పడుతున్నా కదలలేదు. దుర్గేష్ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

వాన వెలిశాక తోటలో నేల కనబడలేదు. కింద తెల్లటి ఐసు, దాని మీద పచ్చటి కాయలు. దెబ్బ తగిలిన కాయ పండదు, రెండు రోజుల్లో నల్లబడి కుళ్ళిపోతుంది. పెద్దచెట్టు మీద వెతికితే చేతివేళ్ళతో లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

ఆమె ఇంకా తోటంతా తిరిగి చూడనే లేదు, అపార్ట్‌మెంట్ల వాళ్ళు వచ్చేశారు. రేకు పడి కంచె విరిగిన చోట నుంచి ఒక్కరొక్కరే లోపలికి దూరారు. చేతుల్లో క్యారీబ్యాగులు. ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. ఐసు ఉండలు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. అబ్బ, ఎంత చల్లబడిందో, ప్రాణం లేచొచ్చింది అంటున్నారు. నైటీ మీద చున్నీ వేసుకున్న ఒకావిడ, ఏడాదికి సరిపడా తొక్కు పెట్టొచ్చని పక్కావిడతో చెబుతూ కాయలు ఏరుకుంటోంది. సారలమ్మ పోయి ఆమె చేతిలో సంచి లాక్కుని కాయలన్నీ నేల మీద గుమ్మరించింది.

"ఆంటీ, కింద పడ్డవే కదా" అన్నది ఆవిడ బెదిరిపోయి.

సారలమ్మ అక్కడున్న వాళ్ళందరినీ వాళ్ళ ఏడు తరాలు గుర్తొచ్చేటట్టు తిట్టింది. ఏసీలను తిట్టింది, కార్లను తిట్టింది, చల్లబడిందని మురిసిన నోళ్ళను తిట్టింది. ఆ నైటీ ఆవిడ ఒక్కతే ఆకాశాన్ని వేడెక్కించలేదు. ఆ సంగతి సారలమ్మకూ తెలుసు. తెలిసే తిట్టింది. ఇన్నాళ్ళకు దొరికిన మనుషులు, ఊరికే ఎట్లా వదులుతుంది? జనం సంచులు అక్కడే పడేసి వచ్చిన దారినే పోయారు.

మర్నాడు పొద్దున ఆమె తోటలోకి వచ్చేసరికి పెద్దచెట్టు ముందు చంద్రయ్య ఉన్నాడు. భుజాన గొడ్డలి. మొహం కందగడ్డలా ఉంది. నా నోటికాడి ముద్ద తీసినవ్, ఇగ నిన్ను ఉంచేది లేదు అని చెట్టును తిడుతున్నాడు. పక్కన దుర్గేష్, బాపూ వద్దు, మనుషుల్ని పిలిపిస్తా, మిషనుతో కోస్తరు అని నచ్చజెబుతున్నాడు. చంద్రయ్య వినలేదు. గొడ్డలి తల మీదికి ఎత్తాడు.

ఎత్తిన గొడ్డలి అట్లాగే ఉంది. సారలమ్మ పక్కనే నిలబడింది, చేతులు కట్టుకుని. నోరు తెరవలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా సరిగ్గా ఆ క్షణంలో వినబడే మాట వినబడలేదు. చంద్రయ్య పక్కకు తిరిగి చూశాడు.

"అనవేందే?" అన్నాడు.

"ఏమనాలె? దసరాకు అన్న మాట యాదికి లేదా? కాయకుంటే నేనే నరుకుమంటనన్న. నరుకు."

అతను గొడ్డలి దించాడు. చెట్టు మీద కాదు, నేల మీదికి. పుట్టినప్పటినుంచీ తండ్రి చేతిలోనూ తన చేతిలోనూ ఆ గొడ్డలి ఎన్నిసార్లు లేచిందో, ఒక్కసారైనా దిగాల్సిన అవసరం రాలేదు. ఎవరో ఒకరు ఆపుతారన్న ధీమా మీదే అతని కోపమంతా నడిచింది. ఆపే మనిషి ఆపకపోయేసరికి అతనికి ఏం చేయాలో తోచలేదు. నా చేతగాదే అన్నాడు నెమ్మదిగా.

సారలమ్మ అతని చేతిలోంచి గొడ్డలి గుంజుకుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, బలమంతా పెట్టి చెట్టు మొదట్లో కొట్టింది. బెరడు లేచి చెక్క తెల్లగా బయటపడింది. ఇంకో దెబ్బ కొట్టింది. జీడి కారింది. అది బెదిరింపు కాదు, నిజంగానే నరుకుతోంది. ఆమెకు ఆ చెట్టు మీద కోపం లేదు. తను పెంచినవాటిని చంపే వంతు కూడా తనకే వచ్చినందుకు ఒళ్ళంతా మండిపోతోంది. మూడో దెబ్బకు గొడ్డలి లేపినప్పుడు చంద్రయ్య వచ్చి చెట్టుకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు.

"ఆగు సారలా. వచ్చే ఏడు కాస్తది."

"ఎవల్ది జామీను?"

అతను కొడుకు వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"నాది" అన్నాడు.

"దేనికి?"

"తోటంతటికి. నాది జామీను."

ఆమె గొడ్డలి కింద పడేసింది. రొప్పుతోంది, నుదుటి మీద చెమట కారుతోంది. దుర్గేష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. క్రికెట్ వాళ్ళు ఇయ్యాల్నే జవాబు చెప్పమన్నరు బాపూ, వద్దని చెప్పమంటవా అని అడిగాడు. చెప్పమన్నట్టు చంద్రయ్య తల ఊపాడు.

"మరి వచ్చే ఏడు గూడ రాళ్ళవాన గొడితే?" అన్నాడు దుర్గేష్.

చంద్రయ్య అలవాటు కొద్దీ పెళ్ళాం వైపు చూశాడు.

"నా దిక్కు సూడకు" అన్నది సారలమ్మ. "ఇన్నేండ్లు ఆ పైనున్న మొగులు జేసిన పనులకు నేను జవాబు చెప్పిన. ఇగ నువ్వు చెప్పు."

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, దెబ్బతిన్న చెట్టు మొదట్లో నిన్నటి తడి ఆరిపోతోంది. చంద్రయ్య కుంటుకుంటూ బోరు వైపు నాలుగడుగులు వేసి ఆగాడు.

"బిందెలు ఏడుంటయే?" అని అడిగాడు.

సారలమ్మ పోయి అతను కూచునే అరుగు మీద కూచుంది.